ట్రెక్కింగ్ సామాను: మన దేశంలో తయారైంది కొనాలా, బయటిదా? తేల్చుకునే పద్ధతి

ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ కొండ దారిలో రెండో రోజు నా కుడి బూటు అడుగు ఊడిపోయింది. జిగురు వదిలి ఊడితే మళ్లీ అంటించుకోవచ్చు. ఇది అలా కాదు. అడుగుకూ పైభాగానికీ మధ్య ఉండే మెత్తటి పొర పాతబడిన బిస్కెట్టులా పొడిపొడిగా రాలి మంచులో పడింది. అమెరికా నుంచి మా పిన్ని కొడుకు తెచ్చిన బూట్లవి. ధర విని మురిసిపోయి, ఎక్కడ పాడైపోతాయోనని నాలుగేళ్లు డబ్బాలోనే అటక మీద దాచాను. మా గైడు సాంక్రీ గ్రామం కుర్రాడు. అతని కాళ్లకు డెహ్రాడూన్ బజారులో కొన్న మామూలు రబ్బరు బూట్లు. ఒక్క మాట అనకుండా జేబులోంచి నైలాన్ తాడు తీసి, నా బూటును పార్సిల్ కట్టినట్టు నాలుగు చుట్లు చుట్టి ముడివేశాడు. ఆ తాడు పుణ్యమా అని కిందికి దిగాను.

ఇది విని విదేశీ సరుకు డాబే తప్ప పనికిరాదని తీర్మానించకండి. అంతకు ముందు ఏడాది, ఇక్కడే కుట్టిన వానకోటు ఒకటి శేషాచలం అడవిలో అరగంట వానకే చేతులెత్తేసింది. రెండు దెబ్బలూ తిన్నాక నాకు అర్థమైంది ఒకటే. కొనే ముందు నేను అడిగిన ప్రశ్న తప్పు. ఏ దేశం సరుకు అని అడిగాను. అడగాల్సింది వేరు: ఇది చెడిపోతే నాకు ఏమవుతుంది, దీన్ని బాగుచేసేవాడు నాకు ఎంత దూరంలో ఉన్నాడు? ఈ రెండింటికీ జవాబు దొరికితే దేశం సంగతి దానంతట అదే తేలుతుంది. కింద చెప్పేదంతా ఆ జవాబు వెతుక్కునే పద్ధతే.

ముందు కాగితం మీద రాసుకోండి

దుకాణానికి వెళ్లకముందే, రాబోయే రెండేళ్లలో నిజంగా ఎక్కడికి వెళ్తారో రాయండి. వెళ్లాలని ఉన్న చోట్లు కాదు, వెళ్లే చోట్లు. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండలు, తలకోన, తుంబురు తీర్థం, నల్లమలలో సలేశ్వరం, చలికాలంలో లంబసింగి, అరకు. మనలో చాలామంది జాబితా ఇక్కడితో ఆగిపోతుంది. ఈ చోట్లకు కావాల్సింది జారని అడుగున్న బూట్లు, చిరగని సంచి, చెమట ఆరే చొక్కా, రెండు లీటర్ల నీళ్లు. వీటిలో ఏ ఒక్కదాని కోసమూ విదేశీ సరుకు వెతకాల్సిన పని లేదు. లంబసింగి చలికి అయిదు అంకెల ధర పెట్టి ఈకల జాకెట్టు కొన్నవాళ్లను చూశాను. తెల్లవారుజామున రెండు గంటలు వేసుకుని, ఎండెక్కగానే విప్పి మూట కట్టుకుని తిరిగారు.

హిమాలయాలకు వెళ్లే ఉద్దేశం ఉంటే, మొదటిసారికి స్లీపింగ్ బ్యాగు, గుడారం, మంచులో బూట్లకు తగిలించుకునే ముళ్లు కొననే వద్దు. సాంక్రీ, ఉత్తరకాశీ, మనాలీలలో అద్దెకు దొరుకుతాయి. ట్రెక్కు నడిపే సంస్థలు గుడారం, స్లీపింగ్ బ్యాగు తామే ఇస్తాయి. బూట్లు మాత్రం అద్దెకు తీసుకోకండి. ఇంకొకరి కాలికి అలవాటుపడిన బూటు మన కాలిని పగబట్టినట్టు కొరుకుతుంది.

ఆ చోట్లకు కావాల్సిన వస్తువులన్నీ రాసి, ప్రతిదాని పక్కనా మూడింటిలో ఒక మాట రాయండి: కొనాలి, అద్దె, అక్కర్లేదు. ఇక్కడే సగం డబ్బు మిగులుతుంది.

లేబుల్ చదవడం నేర్చుకోండి

బ్రాండు పేరు చూసి దేశం చెప్పడం జాతకం చూసి ఉద్యోగం చెప్పడం లాంటిది. తిరుపతి జిల్లా తడ దగ్గర మాంబట్టులో అపాచీ ఫుట్‌వేర్ కర్మాగారం ఉంది. అక్కడ తయారయ్యేవి అడిడాస్ బూట్లు. అచ్యుతాపురంలో శ్రీలంకకు చెందిన బ్రాండిక్స్ దుస్తుల పార్కు ఉంది. అక్కడ మన ఆడపిల్లలు కుట్టే బట్టలు విదేశీ బ్రాండ్ల పేర్లతో ఓడలెక్కుతాయి. డెకాథ్లాన్ ఫ్రాన్స్ సంస్థ. కానీ ఆ దుకాణంలో ఒకే అరలో మన దేశంలో తయారైనవి, వియత్నాంలో, చైనాలో తయారైనవి పక్కపక్కనే కనిపిస్తాయి. వైల్డ్‌క్రాఫ్ట్ బెంగళూరులో పుట్టిన సంస్థ. ఇక పేరు ఇంగ్లీషులో గంభీరంగా ఉండి, బొమ్మ మీద మంచుకొండ ఉన్నంత మాత్రాన అది స్విట్జర్లాండ్ సరుకు అయిపోదు. ఢిల్లీలోనో ముంబైలోనో పేరు పెట్టుకుని, తయారైన వస్తువును బయటి నుంచి తెప్పించుకునే వ్యాపారులూ ఉన్నారు.

కాబట్టి పేరు వదిలేసి చీటీ చూడండి. మన తూనికలు కొలతల చట్టం కింద 2011లో వచ్చిన ప్యాకేజీ సరుకుల నిబంధనల ప్రకారం తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన నెల, సంవత్సరం, అన్ని పన్నులూ కలిపిన గరిష్ఠ ధర, ఫిర్యాదుకు ఫోను నంబరు ఉండాలి. బయటి నుంచి వచ్చిన సరుకైతే అది తయారైన దేశం పేరు కూడా ఉండాలి. ఇంటర్నెట్‌లో కొంటుంటే, 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆ దేశం పేరు వస్తువు వివరాల్లోనే కనిపించాలి. చాలాచోట్ల దాన్ని అడుగున, ఎవరూ చూడని మూల పెడతారు. అక్కడిదాకా వెళ్లి చూడండి.

చీటీ మీద మూడు మాటలు వేరువేరుగా చదవాలి. ‘తయారుచేసినవారు’, ‘మార్కెట్ చేసేవారు’, ‘దిగుమతి చేసుకున్నవారు’. రెండోది ఒక్కటే పెద్ద అక్షరాల్లో ఉండి మొదటిది ఎక్కడా లేకపోతే అనుమానించండి. ఆ తర్వాత అట్టముక్క వదిలేసి వస్తువు లోపలికి వెళ్లండి. సంచి అయితే లోపలి జేబు కుట్టులో, జాకెట్టు అయితే ఎడమ పక్క కుట్టు దగ్గర, బూటు అయితే నాలుక వెనక చిన్న తెల్ల పట్టీ ఉంటుంది. బయట అతికించిన స్టిక్కరు ఒక మాట, లోపల కుట్టిన పట్టీ ఇంకో మాట చెబితే, కుట్టినదాన్నే నమ్మండి.

ఇంకో సంగతి. మన దేశంలో తయారైందని రాసి ఉన్నంత మాత్రాన గుడ్డ, జిప్పు, క్లిప్పు అన్నీ ఇక్కడివే అనుకోవద్దు. ప్రభుత్వ కొనుగోళ్లకు 2017 నాటి ఉత్తర్వులో ఒక కొలత ఉంది. స్థానిక విలువ 50 శాతానికి తగ్గకుండా ఉంటేనే అమ్మేవాడు మొదటి తరగతి స్థానిక సరఫరాదారు. మీరు కొనే సంచికి ఆ లెక్క రాసి ఇచ్చేవాళ్లు ఎవరూ లేరు. అయినా నాకు దాంతో పేచీ లేదు. గుడ్డ తైవాన్‌ది అయినా కుట్టినవాడు ఇక్కడివాడైతే, విప్పి మళ్లీ కుట్టగలిగేవాడూ ఇక్కడ ఉంటాడు.

బూట్లు: తొందరపడొద్దు

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. సాయంత్రం పూట వెళ్లండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. ట్రెక్కింగ్‌కు వేసుకునే మందపు మేజోళ్లే తొడుక్కుని వెళ్లండి. రెండు కాళ్లకూ వేసి, తాడు బిగించి, దుకాణంలో మెట్లుంటే దిగండి. దిగేటప్పుడు బొటనవేలు ముందుకు వెళ్లి తగిలితే ఆ బూటు వదిలేయండి. కొండ దిగే రెండో గంటకల్లా ఆ గోరు నల్లబడుతుంది.

తయారైన దేశం నిజంగా పట్టించుకోవాల్సింది వెడల్పు విషయంలో. చెన్నైలోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశమంతటా లక్షకు పైగా మనుషుల పాదాలను కొలిచింది. మన పాదాలు యూరప్, అమెరికా వాళ్ల పాదాలకంటే వెడల్పు అని తేలింది. సరిపడే వెడల్పు దొరక్క మనవాళ్లు ఒక సైజు పెద్దది కొని, మడమ జారుతుంటే తాడు బిగించి లాక్కొస్తారు. మన పాదాలకు ‘భా’ అనే కొత్త సైజుల పద్ధతి తేవాలన్న ప్రతిపాదన అందుకే వచ్చింది. విదేశీ బూటు ఎంత గొప్పదైనా, చిటికెన వేలు దగ్గర నొక్కుతుంటే ‘నడుస్తుంటే వదులవుతుందిలే’ అన్న సేల్స్‌మన్ మాట నమ్మకండి. వదులయ్యేలోపు మీ కాలు కాయలు కాస్తుంది. సైజు అంకెలతోనూ జాగ్రత్త. మన దుకాణాల్లో 8 అంటే సాధారణంగా బ్రిటిష్ 8. మగవారి అమెరికన్ కొలతలో అది 9, యూరప్ కొలతలో 42 దగ్గర. అమెరికాలో ఉన్న అన్నయ్యకు ‘8 తీసుకురా’ అని చెబితే ఒక సైజు చిన్న బూట్లు వస్తాయి.

ఇప్పుడు నా బూటు ఎందుకు రాలిందో చెబుతాను. బరువైన బూట్ల మధ్య పొరకు పాలీయురేథేన్ వాడతారు. గట్టిది, నొక్కుకుపోదు, ఏళ్ల తరబడి మోస్తుంది. దాని శత్రువు తేమ. గాలిలోని తేమతో కలిసి ఆ పదార్థం లోలోపల తెగిపోతూ ఉంటుంది, వేడి ఆ పనిని ఇంకా త్వరగా చేయిస్తుంది. పైకి కొత్తగానే ఉంటుంది. వేసుకుని నడిచే బూటు కంటే డబ్బాలో పడుకున్న బూటు త్వరగా పోతుంది. మన అటక మీద ఎండాకాలపు వేడి, వానాకాలపు తేమ, మూత బిగించిన అట్టడబ్బా. ఇంతకంటే మంచి ఉరికంబం దొరకదు. తేలిక బూట్లలో వాడే ఈవీఏ అనే నురుగు ఇలా తేమకు పొడికాదు. అది వాడకంతో నెమ్మదిగా చదునైపోతుంది.

అందుకే దిగుమతి బూట్లు కొనేటప్పుడు తయారైన నెల చూడండి. చాలా కంపెనీలు నాలుక వెనక పట్టీ మీద దాన్ని అచ్చువేస్తాయి. ఓడలో వచ్చి, గోదాములో పడుండి, తగ్గింపు ధరకు బయటికొచ్చిన బూటు వయసు మూడేళ్లు దాటితే సగం ధరకిచ్చినా నేను కొనను. కొన్నా అదే సీజన్లో వాడేసేటట్టయితేనే. ఇక్కడ తయారై ఇక్కడే అమ్ముడయ్యే బూటుకు ఈ ప్రయాణం లేదు. దాని తరఫున నేను చెప్పే మొదటి మాట ఇదే. రెండో మాట: తమిళనాడులోని ఆంబూరు, రాణిపేట, ఇటు ఆగ్రా చుట్టూ తోలు బూట్ల పని తరాలుగా సాగుతోంది. అక్కడి బూట్లు విదేశాలకూ వెళ్తాయి. తోలు బూటు చేయడం మనకు రాని పని కాదు. తేలికగా ఉండి, నీళ్లు లోపలికి రాకుండా, చెమట బయటికి పోనిచ్చే పొరలున్న బూటు కావాలంటే మాత్రం ఇప్పటికీ బయటి సరుకులోనే ఎంపిక ఎక్కువ.

అనంతగిరికి, తలకోనకు ఆ నీళ్లురాని పొర అక్కర్లేదని నా అభిప్రాయం. వాగు దాటితే నీళ్లు పైనుంచే వస్తాయి. ఆ తర్వాత ఆ పొర నీళ్లను బయటికి పోనివ్వదు, అంతే.

సంచి: తిరగేసి చూడండి

సంచి విషయంలో నేను గట్టిగా స్వదేశీ వాదిని. కారణం దేశభక్తి కాదు, రన్నర్. జిప్పును లాగే ఆ చిన్న లోహపు ముక్క అరిగిపోతే సంచి నోరు మూతపడదు. రన్నర్ వెనక 5, 8, 10 అని అంకె ఉంటుంది. ఆ అంకె ఉన్న సాదా జిప్పు అయితే ఏ ఊళ్లోనైనా బ్యాగులు బాగుచేసే దుకాణంలో దొరుకుతుంది. జపాన్ సంస్థ వైకేకే జిప్పులు మన హర్యానాలో కూడా తయారవుతాయి కాబట్టి, ఆ మూడక్షరాలు ఉన్న మన సంచులూ బోలెడు. కొన్ని ఖరీదైన దిగుమతి సంచులకు రబ్బరు పూత పూసిన ప్రత్యేక జిప్పు ఉంటుంది. దానికి రన్నర్ కోసం నేను కోఠీలో మూడు దుకాణాలు తిరిగాను. మూడో అతను సంచిని అటూ ఇటూ తిప్పి, ‘‘ఇది మొత్తం పీకి మామూలు జిప్పు వేసేస్తాను సార్, ఇరవై ఏళ్లు పోదు’’ అన్నాడు. అన్నట్టే చేశాడు. ఇప్పుడు ఆ సంచిలో గట్టి భాగం అదే.

దుకాణంలో సంచిని పూర్తిగా తెరిచి, లోపలి భాగం బయటికి తిప్పండి. సిగ్గుపడకండి, డబ్బు మీది. భుజం పట్టీ సంచికి కలిసే చోటు చూడండి. ఒకే వరస కుట్టు ఉంటే పక్కన పెట్టేయండి. పట్టీ మీద అడ్డంగా, దట్టంగా, దారం గడ్డకట్టినట్టు ముందుకూ వెనక్కూ వేసిన కుట్టు కనిపించాలి. పట్టీ చివర గుడ్డ అంచున ఆగిపోకుండా, లోపలి మడతలోకి వెళ్లి మళ్లీ కుట్టి ఉండాలి. తర్వాత లోపలి అంచులు చూడండి. గుడ్డ పోగులు బయటికి వేలాడకుండా అంచు మీద పైపింగ్, అంటే అంచును కప్పే సన్నటి పట్టీ, కుట్టి ఉండాలి. ఆ పైపింగ్ లేని సంచి మొదటి వానాకాలం దాకా బాగానే ఉంటుంది, తర్వాత కుట్టు పక్కనే గుడ్డ చీలుతుంది. పిడికిట్లో పట్టీ పట్టుకుని, మోకాలు సంచికి ఆనించి బలంగా లాగండి. కుట్టు రంధ్రాలు నోరు తెరిస్తే అది పుస్తకాల సంచి, కొండకు పనికిరాదు.

నడుం పట్టీ క్లిప్పు పగిలితే మార్చుకోగలరా అన్నది ఇంకో పరీక్ష. క్లిప్పును పట్టీతో కలిపి కుట్టేసి ఉంటే విప్పాలి, మళ్లీ కుట్టాలి. పక్కన చీలిక ఉండి పట్టీని దాంట్లోంచి తీయగలిగితే, అడవిలో కూడా మార్చుకోవచ్చు. పట్టీ వెడల్పు స్కేలుతో కొలిచి రాసుకోండి. 25 మిల్లీమీటర్లదయితే ఎక్కడైనా దొరుకుతుంది. రెండు క్లిప్పులు కొని సంచి అడుగున పడేస్తే పదేళ్లు నిశ్చింత.

విదేశీ సంచి ఎప్పుడు కొనాలి? వెన్ను పొడవు మనిషిని బట్టి మార్చుకునే ఏర్పాటు కావాలనుకుంటే, పది రోజులు పదిహేను కిలోలు మోయాల్సి వస్తే, బరువు అరకిలో తగ్గడమే మీకు ముఖ్యమైతే. అప్పుడు కూడా ఇసుక సంచులు వేసి, దుకాణంలో పావుగంట నడిచి చూడకుండా కొనకండి.

వానకోటు, గుడారం, స్లీపింగ్ బ్యాగు: అంకెలు అడగండి

వానకోటు గుడ్డ ఎంత నీటి ఒత్తిడి తట్టుకుంటుందో, దాని మీద నిలబెట్టగలిగే నీటి ఎత్తు లెక్కన, మిల్లీమీటర్లలో రాస్తారు. గుడారం పైకప్పుకు 2000 ఉంటే మన వానలకు చాలు, నేలపట్టకు ఇంకా ఎక్కువ ఉండాలి. మోకాలు ఆనించిన చోట ఒత్తిడి వానకంటే ఎక్కువ. అయితే నా వానకోటును ముంచింది గుడ్డ కాదు, కుట్లు. లోపలి వైపు ప్రతి కుట్టు మీదా పారదర్శకమైన టేపు అతికించి ఉండాలి. నాదానికి భుజాల మీద ఉంది, టోపీ చుట్టూ లేదు. నీళ్లు మెడ వెనక నుంచి వీపు మీదికి జారాయి. కొన్న వారంలోపు ఇంట్లో ఒక పరీక్ష చేయండి: కోటు టోపీలో చెంబెడు నీళ్లు పోసి, కింద పాత వార్తాపత్రిక పరిచి గంటసేపు వేలాడదీయండి. కాగితం తడిస్తే బిల్లు పట్టుకుని తిరిగి వెళ్లండి.

చాలా గుడారాలకు, ఏ దేశానివైనా, లోపలి పూత పాలీయురేథేనే. బూటును తిన్న తేమే దాన్నీ తింటుంది. తడిగా మడిచి పెట్టిన గుడారం కొన్నాళ్లకు జిగటగా మారి, పుల్లటి వాసన కొడుతుంది. అద్దెకిచ్చే దుకాణంలో గుడారం తీసుకునేటప్పుడు ముందు ముక్కుతో పరీక్షించమనేది అందుకే.

స్లీపింగ్ బ్యాగు దగ్గర దేశీయ తయారీదారులతో నాకు నిజమైన గొడవ ఉంది. సంచి మీద ‘మైనస్ 10’ అని రాసి వదిలేస్తారు. ఏ పద్ధతిలో కొలిచారో చెప్పరు. ఐఎస్‌ఓ 23537 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది, అంతకు ముందు యూరప్‌లో ఈఎన్ 13537 ఉండేది. ఈ పద్ధతిలో కొలిచిన సంచికి ఒకటి కాదు, మూడు అంకెలుంటాయి. మొదటిది మామూలు మహిళ హాయిగా నిద్రపోయే ఉష్ణోగ్రత. రెండోది మామూలు మగవాడు ముడుచుకుని పడుకుని నెట్టుకురాగలిగే హద్దు. మూడోది ప్రాణం మాత్రం మిగిలే హద్దు, నిద్ర కాదు. ఒకే అంకె రాసి ఉంటే అది మూడోది కావచ్చునని అనుకుని బేరం ఆడండి. మే నెల విజయవాడలో పెరిగిన ఒళ్లు మనది. మొదటి అంకె మీద కూడా ఇంకో అయిదు డిగ్రీలు కలుపుకోండి.

ఇది చేతకాక కాదు. సియాచిన్ లాంటి చోట్ల సైనికులకు వాడే అతిశీతల దుస్తుల పరిజ్ఞానాన్ని రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ తయారుచేసి, 2021 డిసెంబరులో అయిదు భారతీయ కంపెనీలకు ఇచ్చింది. మైనస్ 50 డిగ్రీల దాకా పనికొచ్చేలా చేసినవవి. పరీక్షించి, అంకె రాసి, దానికి కట్టుబడే అలవాటు బజారు సరుకుకు కూడా రావాలి. అంతవరకు, మైనస్‌లలో సొంత స్లీపింగ్ బ్యాగు వాడేవాళ్లు మూడు అంకెలూ ఉన్నదే కొనండి, ఎక్కడిదైనా సరే. ఈ అరలో అలాంటివి ఎక్కువగా బయటి బ్రాండ్లవే కనిపిస్తాయి.

నేపాల్ వెళ్లేవాళ్లకు ఒక హెచ్చరిక. కాఠ్మాండూలోని తమెల్ వీధుల్లో పేరున్న బ్రాండ్ల జాకెట్లు పదో వంతు ధరకు వేలాడుతుంటాయి. చాలావాటి మీద ఉన్న పేరు అబద్ధం. అబద్ధమని తెలిసి, కుట్టు చూసి, నాలుగైదు రోజుల వాడకానికి కొంటే తప్పు లేదు. అసలు సరుకు చవగ్గా దొరికిందని ఇంటికొచ్చి గొప్పలు చెప్పుకుంటేనే నవ్వొస్తుంది.

తాడు, కొక్కెం, హెల్మెట్: ఇక్కడ దేశం అడగొద్దు

నిజామాబాద్ జిల్లా పిల్ల మాలావత్ పూర్ణ, ఖమ్మం కుర్రాడు ఆనంద్ కుమార్ 2014 మేలో ఎవరెస్టు ఎక్కడానికి ముందు మొదటి పాఠాలు నేర్చుకుంది భువనగిరి బండ మీద. వాళ్లను చూశాక ఆ బండకు వెళ్లే పిల్లలు పెరిగారు, మంచిదే. వెళ్లేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోండి. ప్రాణం వేలాడే సామానుకు స్వదేశీ, విదేశీ లెక్క లేదు, ప్రమాణం అంకె ఒక్కటే లెక్క. కింద పడేటప్పుడు సాగి దెబ్బను మింగే తాడుకు ఈఎన్ 892, దిగడానికి వాడే తక్కువ సాగే తాడుకు ఈఎన్ 1891, నడుముకు కట్టే హార్నెస్‌కు ఈఎన్ 12277, కొక్కేనికి (కారబైనర్) ఈఎన్ 12275, హెల్మెట్‌కు ఈఎన్ 12492. లేదా అంతర్జాతీయ పర్వతారోహణ సమాఖ్య యూఐఏఏ ముద్ర. మామూలు కొక్కెం మీద పొడవు దిశలో కనీసం 20 కిలోన్యూటన్లు అని చెక్కి ఉండాలి. అంటే సుమారు రెండు టన్నుల బరువు. స్టిక్కరు మీద ఉంటే సరిపోదు, లోహం మీదే చెక్కి ఉండాలి.

హార్డ్‌వేర్ దుకాణంలో కిలో లెక్కన అమ్మే నైలాన్ తాడు ఎంత లావుగా ఉన్నా దాన్ని నమ్మి వేలాడకండి. బైకు హెల్మెట్టూ ఇక్కడ పనికిరాదు. పాత తాడు ఎవరైనా ప్రేమగా ఇచ్చినా తీసుకోవద్దు, దాని చరిత్ర మీకు తెలియదు. చాలా కంపెనీలు నైలాన్ సామాను వాడినా వాడకున్నా తయారైన నాటి నుంచి పదేళ్లు దాటితే పారేయమంటాయి. ఇలాంటి చోట డబ్బు మిగుల్చుకోవాలనిపిస్తే, కొనడం మానేసి శిక్షణ సంస్థ సామానుతోనే ఎక్కండి.

అమెరికా నుంచి తెప్పించేటప్పుడు

మన తెలుగు ఇళ్లలో ఇదొక ప్రత్యేక దిగుమతి మార్గం. ‘వస్తున్నావా? అయితే నాకొక జాకెట్టు’ అని ఫోను. చవకేనా అన్నది లెక్క వేసి చూడండి. కొరియర్‌లో పంపితే కస్టమ్స్ సుంకం, దాని మీద జీఎస్టీ, కొరియర్ వాళ్ల చార్జీ. మనిషితో తెప్పిస్తే ప్రయాణికుల సామానుకు సుంకం లేని పరిమితి ఉంటుంది. అది అప్పుడప్పుడు మారుతుంది కాబట్టి, బయలుదేరే ముందు కస్టమ్స్ శాఖ వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోమనండి. ఇటు పక్కన ధర పోల్చేటప్పుడు ఒకటి గమనించండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 2500 రూపాయల దాకా ధర ఉన్న బట్టలకు, చెప్పులకు జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18. ఆ గీత దగ్గర్లో ఉన్న దేశీయ సరుకుకు ఇది కలిసొస్తుంది.

అసలు ఖర్చు తర్వాత వస్తుంది. అక్కడ కొన్నదానికి ఇక్కడ వారంటీ చెల్లుతుందా? చాలావాటికి చెల్లదు. సైజు కుదరకపోతే తిరిగి ఇచ్చే దారి? మళ్లీ ఎవరో వెళ్లాలి. అందుకని బంధువుల చేత బూట్లు తెప్పించుకోవడం నేను పూర్తిగా మానేశాను. తేలిక జాకెట్టు, తలకు పెట్టుకునే లైటు లాంటి, సైజు పేచీ లేనివీ చెడేది తక్కువున్నవీ అయితే సరే.

గ్యాసు పొయ్యి తెప్పించేవాళ్లు ముందు ఇక్కడ దొరికే గ్యాసు డబ్బా చూడండి. విదేశీ పొయ్యిలు చాలావరకు మరచుట్లు ఉన్న పొట్టి డబ్బాకు బిగుస్తాయి. మన బజారులో సులభంగా దొరికేది పొడుగాటి బ్యూటేన్ డబ్బా, దాని మూతి వేరు. విమానంలో గ్యాసు తీసుకెళ్లనివ్వరు కాబట్టి డబ్బా ఇక్కడే కొనాలి. పైగా బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది. మంచులో టీ పెట్టుకుందామని కూర్చుంటే మీరు, పొయ్యి ఒకరినొకరు చూసుకుంటూ ఉండాల్సిందే.

కొన్నాక మొదటి వారం

బిల్లు ఫోటో తీసి పెట్టుకోండి, చీటీ ఫోటో కూడా. తిరిగి తీసుకునే గడువు ఎన్ని రోజులో బిల్లు మీదే రాయించండి. ఆ గడువు లోపల సంచిలో బియ్యం బస్తా వేసి మేడ మెట్లు ఎక్కండి, బూట్లు ఇంట్లోనే రెండు గంటలు వేసుకోండి, కోటుకు నీళ్ల పరీక్ష చేయండి. తేడా వస్తే ముందు దుకాణానికి, వాళ్లు వినకపోతే చీటీ మీది నంబరుకు, అక్కడా పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. దేశీయ కంపెనీ అయితే ఈ మూడు మెట్లూ నిజంగా ఉన్నాయి. విదేశీ సరుకైతే మీరు పట్టుకోవాల్సింది దిగుమతిదారుని. అందుకే అతని చిరునామా లేని వస్తువు కొనొద్దు.

ట్రెక్కు నుంచి వచ్చాక బూట్లను ఎండలో పెట్టకండి, నీడన ఆరబెట్టండి. లోపల వార్తాపత్రిక ఉండ చేసి కుక్కితే తేమ లాగేస్తుంది. గుడారాన్ని ఒక రోజు బాల్కనీలో పరిచి, పూర్తిగా ఆరాకే మడవండి. బూట్లు మాత్రం డబ్బాలో పెట్టి అటకెక్కించొద్దు. గాలి తగిలే చోట విడిగా ఉంచి, నెలకోసారైనా వేసుకోండి. వేసుకోవడానికి కొండ దొరకకపోతే రైతుబజారుకు వేసుకెళ్లండి. నేను అలాగే చేస్తున్నాను. వంకాయలమ్మే ఆవిడ మొదటి రోజు నా కాళ్ల వైపు చూసి, ‘‘ఏం బాబూ, వాన వస్తుందా?’’ అని అడిగింది.